మా కాలేజీ గురించి మీకెవరు చెప్పారు?

నాకు ఆ ఉద్యోగం దొరికింది టైపు వల్ల. కృష్ణగిరి గవర్నమెంటు కాలేజీలో బీకాం ముగించి, బస్టాండు పక్కన మేడమీద ఉన్న ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషు టైపు హయ్యరు పాసయ్యాను. ఆ తరవాత రెండేళ్ళు అత్తిముగంలో మా ఇంట్లోనే ఉన్నాను. టమేటా కోతలప్పుడు బుట్టలు లెక్కపెట్టడం, మా నాయనకు బ్యాంకు కాగితాలు నింపి పెట్టడం తప్ప చదివిన చదువుకు వేరే పని లేదు. తొంభైల నడుమ హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే రోడ్డు మీద, శూళగిరికి ఇవతల, ఒక కొత్త ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ వచ్చింది. పాల సొసైటీ దగ్గర ఎవరో అనుకుంటుంటే విని మా నాయన ఇంటికొచ్చి, "ఆడ ఆఫీసులో టైపు కొట్టేదానికి మనిషి కావాలంటమ్మా. పోయి అడిగి చూస్తావా?" అన్నాడు. పోయి అడిగాను. వచ్చే సోమవారం నుంచి రమ్మన్నారు.

కాలేజీ కరస్పాండెంటు సారుది కృష్ణగిరిలో మూడు తరాలుగా మామిడి మండీ నడిపిన కుటుంబం. ఆయన ఎస్సెల్సీతో చదువు ఆపేసిన మనిషి. ఆ కొరతతోనే కాలేజీ పెట్టానని తానే అందరికీ చెప్పేవారు. తమిళనాడు కాబట్టి ఆఫీసులో మాటలు తమిళంలో, కాగితాలు ఇంగ్లీషులో నడిచేవి. నాతోనూ డ్రైవరుతోనూ మాత్రం ఆయన తెలుగే మాట్లాడేవారు. కోపం వస్తే కన్నడ కూడా వచ్చేది.

రెండో సంవత్సరం ఆయనకు కొత్త ఆలోచన పుట్టింది. బెంగుళూరు కాలేజీల్లో అప్పటికే ఆఫ్రికా నుంచి వచ్చిన పిల్లలు చాలామంది చదువుతుండేవారు. వాళ్ళను చేర్పించే ఏజెంటు ఒకాయన మా కాలేజీకి వచ్చి, టాంజానియాలో చదువుల ప్రదర్శన జరగబోతుందనీ, స్టాలు పెడితే విద్యార్థులు వరస కడతారనీ చెప్పాడు. సారు పాస్‌పోర్టు తీసుకున్నారు, హోసూరులో కోటు కుట్టించుకున్నారు, రంగు పుస్తకాలు అచ్చు వేయించారు. ఆ పుస్తకంలో మా కాలేజీ వెనక కొండ మబ్బుల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. టాంజానియా పోయి వారం రోజుల తరవాత తిరిగి వచ్చి, నన్ను గదిలోకి పిలిచి, కూర్చోమని కూడా అనకుండా ఒక పని చెప్పారు.

"చూడమ్మా, దీనికి పెట్టిందంతా ఒక పక్క రాయి. టిక్కెట్టు, స్టాలు బాడిగ, అచ్చుకూలి, ఏజెంటు కమీషను, ఫోన్లు, ఏదీ విడిచిపెట్టొద్దు. ఎంతమంది వస్తారో ఇంకో పక్క రాయి. ఏడాది తిరిగినాక పెట్టినదానికి ఎంత వచ్చిందో ఒక రిపోర్టు నా టేబుల్ మీద ఉండాల."

మండీలో బండి దిగీ దిగకముందే సరుకు విలువ చెప్పగలిగిన మనిషికి ఆ ప్రశ్న సహజమే. నాకూ తేలికైన పనే అనిపించింది. రెండు గళ్ళు గీసుకుని మొదలుపెట్టాను.

ఆ సంవత్సరం ముగ్గురు వచ్చారు. ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి. ముగ్గురూ టాంజానియా వాళ్ళే. వాళ్ళను తీసుకురావడానికి కాలేజీ వ్యాను బెంగుళూరు పోయింది. వాళ్ళు దిగేటప్పుడు ఆఫీసు వాళ్ళం, లైబ్రరీ వాళ్ళం, తోటమాలితో సహా అందరం వరండాలో నిలబడి చూశాం. అలా చూసినందుకు ఇప్పటికీ కొంచెం సిగ్గుగా ఉంటుంది. ఆ అమ్మాయి మాత్రం సంచీ కింద పెట్టి, అందరికీ ఒకేసారి తల వంచి నమస్కారం పెట్టింది.

రెండు నెలలకే ఆ అబ్బాయిల్లో ఒకతనికి ఇంటి నుంచి ఫోను వచ్చింది. ఫోను ఆఫీసులోనే ఉండేది కాబట్టి తీసింది నేనే. వాళ్ళ నాన్న చనిపోయాడు. ఆ అబ్బాయి ఫోను పెట్టేసి నా వైపు తిరిగి, "నేను ఇంటికి పెద్దకొడుకును. ఇంక రాలేను" అని మాత్రం అన్నాడు.

మరుసటి రోజు పొద్దున్న అతను హోసూరు బస్టాండులో బెంగుళూరు బస్సెక్కి పోవాలి. అప్పుడు సారుకు ఒక సంగతి గుర్తొచ్చింది. మధ్యలో మానేసే విద్యార్థి కట్టిన ఫీజు వాపసు అడగనని ఒక ఫారం మీద సంతకం చేయాలి. నన్ను పిలిచి, "నువ్వు బస్టాండుకు పోయి సంతకం తీసుకోనిరా అమ్మా. పాపం, ఆ పిల్లోడు బాధలో ఉండాడు, మెల్లగా అడుగు" అన్నారు.

ఫారం పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి మెస్సులో వంటచేసే అక్క వెనక నుంచి కేకేసింది. ఆమెది హోసూరు పక్కన బేరిగై ఊరు. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లలను పెట్టుకుని, మా హాస్టలు మొదలైన రోజు నుంచీ అక్కడే వంట చేస్తుండేది. అందరం ఆమెను అక్కా అనే పిలిచేవాళ్ళం.

"హోసూరుకు పోతాండావంట కదా. ఇది ఆ పిల్లోడికి ఇయ్యి" అని అరిటాకులో చుట్టిన పొట్లం ఒకటి నా చేతిలో పెట్టింది. వేడిగా ఉంది. చపాతీలు, చెనిగ్గింజల పొడి.

బస్టాండులో ఆ అబ్బాయి బస్సు పక్కన తన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఫారం ముందు ఇవ్వాలా, పొట్లం ముందు ఇవ్వాలా అని ఒక నిమిషం తెలియలేదు. పొట్లమే ముందు ఇచ్చాను. ఫారం చూపించి, ఎక్కడ సంతకం చేయాలో చెప్పాను. చదవకుండానే చేశాడు. నా పని అయిపోయింది. కానీ వెంటనే తిరిగి రావడానికి కాళ్ళు రాలేదు. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను. ఆఫీసుకు వచ్చి నా కాగితంలో అతని వరసకు ఎదురుగా ఎర్ర సిరాతో 'నష్టం' అని రాశాను.

అది జరిగిన నెలకే ఆ అమ్మాయి సంగతి వచ్చింది. క్లాసులో కళ్ళు తిరిగి పడిపోయింది. వార్డెను చెప్పిందేమంటే, పిల్ల మూడు వారాలుగా సరిగ్గా తినడం లేదు. అన్నం ముందు కూర్చుంటుంది, కెలుకుతుంది, లేచి పోతుంది. బ్రెడ్డు, అరటిపండ్లతో నెట్టుకొస్తోంది. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నాడు. ఆ అమ్మాయి ఇంటికి పోతానంటోంది.

సారు మొహం చిన్నబోయింది. "ఈ బిడ్డ కూడా పోతే ముగ్గురిలో ఒకడు మిగులుతాడు. నువ్వు ఆడపిల్లవి, పోయి మాట్లాడి చూడమ్మా" అన్నారు.

నా ఇంగ్లీషు టైపు మిషను మీద బాగానే ఉండేది, నోట్లో అంత బాగుండేది కాదు. ఆ అమ్మాయి ఇంగ్లీషు కూడా అంతంతే. హాస్టలు మెట్ల మీద ఇద్దరం కూర్చున్నాం. మీ ఇంట్లో ఏం తింటారని అడిగాను. ఆమె చేతులతో చెప్పింది. కుండలో నీళ్ళు మరిగిస్తారు. అందులో మొక్కజొన్న పిండి పోస్తారు. కట్టెతో తిప్పుతారు, గట్టిగా, భుజం నొప్పి పుట్టేదాకా. అది ముద్ద అవుతుంది. చేత్తో తుంచి, బొటనవేలితో నడుమ నొక్కి, ఆకుకూరలో ముంచుకుని తింటారు. దాని పేరు ఉగాలి.

ఆమె రెండు చేతులతో ఆ కట్టె తిప్పుతున్న తీరు చూస్తుండగానే నాకు నవ్వొచ్చింది. నన్ను ఎగతాళి చేస్తోందనుకుందేమో, ఆమె చేతులు ఆపేసింది. "లేదు, లేదు, నాతో రా" అని లాక్కుపోయాను.

మా హాస్టల్లో సంగటి పెట్టేవారు కాదు. ఫీజు కట్టి పిల్లలను చేర్పించిన తల్లిదండ్రులు, ఇంట్లో తినేదే అక్కడా పెడతారా అని అడుగుతారని సారు వద్దన్నారు. అయితే మెస్సు వెనక పొయ్యి మీద మాత్రం వంటవాళ్ళకూ వాచ్‌మన్‌కూ ప్రతిరోజూ మధ్యాహ్నం రాగి సంగటే. మేం పోయేసరికి అక్క ఎసట్లో పిండి పోసి, గిన్నెను రెండు కాళ్ళ మధ్య పట్టుకుని గెలుకుతోంది.

ఆ అమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది. తరవాత చెప్పులు విడిచి, లోపలికి పోయి, అక్క చేతిలోని కట్టె తీసుకుంది. అడగలేదు, తీసుకుంది. గిన్నె ముందు గొంతుక్కూర్చుని గెలకడం మొదలుపెట్టింది.

"ఓ యమ్మా! బేరిగైలో పుట్టినట్టే గెలుకుతుండాదే ఈ పాప! యాడ నేర్చుకొనిందమ్మా ఇది?" అంది అక్క.

"వాళ్ళ ఊర్లో కూడా ఇదేనంట అక్కా, వాళ్ళది మొక్కజొన్న పిండితో."

"అట్లనా! మూడు వారాల నుంచి పస్తుంటుండాదంటే నాకెందుకు చెప్పలేదు మీరు? సంగటి తినే బిడ్డకు సాంబారన్నం పెడితే యాడ దిగుతుంది?" అని మమ్మల్ని కోప్పడింది.

ఆ రోజు తోటకూర పులుసు ఉంది. ఆ అమ్మాయి రెండు ముద్దలు తిన్నది. రాగిపిండి చేతిలోకి తీసుకుని వాసన చూసి, ఇది మా దగ్గర కూడా పండుతుంది, మా అమ్మమ్మ దీనితో జావ కాచేది అని నాతో చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. అక్కకు ఒక్క ఇంగ్లీషు మాట రాదు. ఆ అమ్మాయి వీపు మీద చెయ్యి వేసి, "తినమ్మా, తిను. ఇంకో ముద్ద ఉండాది" అంటూనే ఉంది.

మరుసటి వారం అక్క హోసూరు సంతలో మొక్కజొన్నలు కొని, మర పట్టించి తెచ్చింది. ఆ అమ్మాయి ఇంటికి పోతానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. నేను పిండి ఖర్చును మెస్సు కింద రాసి, ఆ సంగతి అంతటితో మరిచిపోయాను.

ఏడాది తిరిగింది. రిపోర్టు టైపు చేసి సారు టేబుల్ మీద పెట్టాను. ముగ్గురు వచ్చారు, ఒకరు పోయారు, ఇద్దరు మిగిలారు. పెట్టినదానికి వచ్చింది చాలా తక్కువ. సారు రెండుసార్లు చదివి, "మామిడికి ఇట్ల జరిగుంటే మా నాయన నన్ను మండీలోకి రానిచ్చేవాడు కాదు" అన్నారు. అయినా ఏజెంటు మాట మీద ఇంకో రెండు ప్రదర్శనలకు డబ్బు కట్టారు. ఈసారి తాను పోలేదు, ఏజెంటునే పంపారు.

రెండో ఏడు ఇద్దరు వచ్చారు. మూడో ఏడు ఏడుగురు వచ్చారు. ఆఫీసులో పండగలా ఉండింది. ఏజెంటు ఫోను చేసి, "నేను చెప్పలే? స్టాలంటే అట్ల ఉండాల" అన్నాడు.

నాకు మాత్రం ఒకటి అర్థం కాలేదు. ఆ ఏడు ఏజెంటును పంపిన ప్రదర్శన జరిగింది ఒక ఊర్లో. ఆ ఏడుగురిలో ఐదుగురి ఇండ్లు వేరే చోట, మొదటి ఏడు వచ్చిన పిల్లల ఊర్ల చుట్టుపక్కల. అప్లికేషనులో 'మా కాలేజీ గురించి ఎలా తెలిసింది?' అని ఒక గడి ఉండేది. అందులో అందరి ఫారాల్లోనూ ఒకే చేతిరాతతో 'ప్రదర్శన' అని ఉంది. పక్కన ఏజెంటు సీలు.

ఒక నోటుబుక్కు కొనుక్కున్నాను. కొత్తగా వచ్చిన పిల్లలను ఒక్కొక్కరినే, ఫీజు కట్టడానికి వచ్చినప్పుడో, స్టాంపులు అడగడానికి వచ్చినప్పుడో కూర్చోబెట్టి, మా కాలేజీ గురించి మీకెవరు చెప్పారని అడిగాను. ఎవరూ నన్ను ఆ పని చేయమనలేదు. వాళ్ళ మాటల్లోనే రాసుకున్నాను.

ఇద్దరు స్టాలు దగ్గర పుస్తకం తీసుకున్నామన్నారు. ఒకమ్మాయి, "మా పక్కింటి అక్క ఇక్కడ చదువుతోంది. ఇక్కడ ఉగాలి చేసే అమ్మ ఉందని ఉత్తరంలో రాసింది. ఆ ఉత్తరం మా అమ్మ కూడా చదివింది. అయితే పో అన్నది" అని చెప్పింది. మరో ఇద్దరు అదే ఉత్తరం సంగతి వేరే వేరే రకాలుగా చెప్పారు. ఆ ఉత్తరం ఒక ప్రార్థనామందిరంలో చేతులు మారి, చాలా ఇండ్లు తిరిగినట్టుంది.

మిగిలిన ఇద్దరూ అన్నదమ్ములు. వాళ్ళను దింపడానికి మేనమామ స్వయంగా వచ్చాడు. పెద్దమనిషి, బడిపంతులు. ఆయన్నూ అదే అడిగాను. ఆయన నన్ను తేరిపార చూసి, "మీరేనా ఆ ఆఫీసులో టైపు చేసే అమ్మాయి?" అన్నాడు.

అవునన్నాను.

"మా ఊరి అబ్బాయి ఒకడు ఇక్కడ చేరి, తండ్రి పోతే తిరిగి వచ్చేశాడు. పిల్లలను ఎక్కడికి పంపాలని అడిగితే ఈ పేరే చెప్పాడు. రెండు నెలలే ఉన్నావు కదరా, నీకేం తెలుసు అన్నాను. దానికి వాడు, నేను చదువు మానేసి పోతుంటే ఆఫీసు నుంచి ఒక అక్క బస్టాండుకు వచ్చింది, నాకు దారికి తిండి తెచ్చి ఇచ్చింది, బస్సు కదిలేదాకా నిలబడింది, ఇంక వాళ్ళకు నాతో పనేమీ లేదు, అయినా వచ్చింది అన్నాడు. నాకు అది చాలనిపించింది."

ఫారం సంగతి ఆ అబ్బాయి ఆయనకు చెప్పలేదు. పెన్ను చేతిలో ఉంది కానీ నోటుబుక్కులో ఏమీ రాయలేకపోయాను. ఆయన పోయాక లేచి తిన్నగా మెస్సుకు పోయాను. అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"అక్కా, ఆ పొద్దు హోసూరుకు పోతుంటే నా చేతికి పొట్లం ఎందుకిచ్చినావు?"

"ఏ పొద్దు? ఏ పొట్లం?" ఆమెకు గుర్తు లేదు. చెప్పాను. "ఓ, ఆ పిల్లోడా. తండ్రి పోయి బస్సెక్కే బిడ్డకు తినేదానికి ఏమీ ఈకుండా ఎట్ల పంపేదమ్మా?" అని మళ్ళీ చేటలోకి చూసుకుంది.

ఆ వారమే ఆ అబ్బాయికి ఉత్తరం రాశాను. నేను వచ్చింది సంతకం కోసమనీ, తిండి పంపింది అక్క అనీ, నన్ను క్షమించమనీ రాశాను. రెండు నెలలకు జవాబు వచ్చింది. చిన్న ఉత్తరం. అందులో ఒక మాట నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. "సంతకం కోసం వచ్చారని నాకు తెలుసు అక్కా. కానీ సంతకం అయిన తరవాత కూడా మీరు ఉన్నారు."

కమీషను లెక్క తేల్చుకోవడానికి ఏజెంటు కాలేజీకి వచ్చిన రోజు సారు నన్ను ఫైళ్ళు తెమ్మన్నారు. ఏడుగురి పేర్ల మీదా కమీషను రాసిన కాగితం ఏజెంటు ముందుకు జరిపాడు. సారు సంతకానికి పెన్ను తీశారు.

"సార్, ఒక మాట" అన్నాను. "ఈ ఏడుగురిలో స్టాలు దగ్గరికి వచ్చినవాళ్ళు ఇద్దరే."

ఏజెంటు నవ్వాడు. "ఏమమ్మా, నీకెట్ల తెలుసు? ఫారాల్లో రాసుండాది కదా, సీలు కూడా ఉండాది."

"అడిగినాను సార్."

"ఎవర్ని?"

"వాళ్ళనే."

సారు నా నోటుబుక్కు అడిగి తీసుకున్నారు. ఆయన ఇంగ్లీషు మెల్లగా చదువుతారు. చదివి చదివి ఒకచోట ఆగి, "ఈ అన్నదమ్ముల ఎదురుగా ఏమీ రాయలేదే?" అన్నారు.

అప్పుడు చెప్పక తప్పలేదు. బస్టాండు సంగతి అంతా చెప్పాను. "నా మొదటి రిపోర్టులో ఆ అబ్బాయిని నష్టమని రాసినాను సార్. అది తప్పు. అతని మాట మీద ఇద్దరు వచ్చినారు. పిండి ఖర్చును మెస్సు కింద రాసినాను. అదీ తప్పే. ముగ్గురు దాని వల్లనే వచ్చినారు."

సారు ఏజెంటు వైపు తిరిగి, ఏమంటారు అన్నట్టు చూశారు. ఏజెంటు చెడ్డవాడేమీ కాదు. కాసేపు గడ్డం గోక్కుని, "సార్, వీసా కాగితాలంతా నేనే చేసినాను కదా, ఆ పనికైనా ఈయల్ల" అన్నాడు. అది న్యాయమే. ఇద్దరికి పూర్తి కమీషను, మిగతా ఐదుగురికి కాగితాల పనికి మాత్రం ఇచ్చేట్టు మాట కుదిరింది. కాఫీ తాగి, నాతో, "నువ్వు మా ఆఫీసుకు వచ్చేయమ్మా, బెంగుళూరులో జీతం బాగుంటుంది" అని నవ్వుతూ పోయాడు.

అతను పోయాక సారు నోటుబుక్కు మూసి, "మండీలో మా నాయన ఒక పని చేసేవాడు. రైతు సరుకు దించినాక ముందు అన్నం పెట్టించి, ఆ తరవాతే బేరం మాట్లాడేవాడు. అదంతా దండగ ఖర్చని నేను నిలిపేసినాను. నాలుగేండ్లలో సగంమంది రైతులు వేరే మండీలకు పోయినారు. ఎందుకు పోయినారో ఒక్కడినీ అడగలేదు నేను" అన్నారు. తరవాత, "ఆ వంటామె జీతమెంత?" అని అడిగారు. చెప్పాను. ఆయనకు అప్పటిదాకా తెలియదు.

ఆ తరవాత సంవత్సరం స్టాలు పెట్టలేదు. ఆ డబ్బులో కొంత హాస్టలు వంటగదికి పోయింది. కొత్తవాళ్ళు దిగినప్పుడు వ్యానులో నేనూ బెంగుళూరు పోవాలనీ, ఎవరైనా వెళ్ళిపోతుంటే కూడా నేనే పోయి బస్సెక్కించాలనీ సారు ఆర్డరు వేశారు. ఆ ఆర్డరు టైపు చేసుకున్నదీ నేనే. సంగటి మెస్సులో అందరికీ పెట్టడం మొదలైంది. తమిళ పిల్లలు, కేరళ పిల్లలు మొదట మొహం చిట్లించారు. తరవాత వాళ్ళలోనూ కొందరు అలవాటుపడ్డారు.

జీతం పెరిగిన సంగతి అక్కకు చెప్పింది నేనే. ఆమె సంతోషపడింది. కానీ వెంటనే, "అది సరేగానీ, ఇంకో పెద్ద గిన్నె కొనీమను. ఈ గిన్నెలో పదిమందికి మించి గెలికేదానికి అయ్యేలేదు" అంది. గిన్నె వచ్చింది.

రెండువేల సంవత్సరం వచ్చేసరికి నేను అడ్మిషన్ల ఆఫీసరునయ్యాను. నాకింద ఇద్దరు పనిచేసేవారు, కంప్యూటరు వచ్చింది. సారు అడిగిన రిపోర్టు ప్రతి సంవత్సరం ఇస్తూనే ఉన్నాను. అయితే దాని రూపు మారింది. ఎవరు ఎవరి మాట మీద వచ్చారు, వెళ్ళిపోయినవాళ్ళు ఎందుకు వెళ్ళారు, ఇప్పుడెక్కడున్నారు అన్నవి అంకెలకన్నా ముందు పేజీలో పెట్టేదాన్ని. అన్ని ఏళ్ళూ బాగాలేవు. ఒక ఏడు వీసాల చిక్కుతో ఒక్కరూ రాలేదు. ఇంకో ఏడు హోసూరులో ఒక ఇంటివాళ్ళు మా పిల్లలకు గది బాడిగకు ఇచ్చి, పక్కవాళ్ళు ఏమో అన్నారని వారానికే ఖాళీ చేయించారు. అలాంటివి కూడా రాశాను. సారు ఆ పేజీ చదివి, తానే కారు తీసుకుని ఆ ఇంటివాళ్ళ దగ్గరికి పోయి మాట్లాడారు. వాళ్ళు వినలేదు. సారు హాస్టల్లోనే ఇంకో నాలుగు గదులు కట్టించారు.

మొదటి అమ్మాయి డిగ్రీ ముగించుకుని పోయేటప్పుడు వ్యానులో ఆమెతో నేనూ పోయాను. హోసూరు దాటి అత్తిబెలె దగ్గర ఆమె తన సంచీ తెరిచి చూపించింది. బట్టల మధ్య అక్క సంగటి కట్టె ఉంది. "అడగలేదు, తీసుకున్నాను" అని తెలుగులోనే చెప్పి నవ్వింది. అక్కకు ఆ సంగతి ముందే తెలుసని నేను చెప్పలేదు.

నా ఇంట్లో నేను మొదటి ఉద్యోగస్తురాలిని. ఆ జీతంతోనే నా చెల్లెలు నర్సింగు చదివింది. నాకు పని నేర్పిన కరస్పాండెంటు సారుకూ, నా తప్పును తప్పనకుండా జవాబు రాసిన ఆ అబ్బాయికీ, ఎవరూ అడగకుండానే నా చేతిలో పొట్లం పెట్టిన అక్కకూ నేను ఏమీ తిరిగి ఇవ్వలేదు. ఇవ్వమని వాళ్ళు అడగనూ లేదు.

మోకాళ్ళ నొప్పులతో అక్క పని మానేసి బేరిగైకి పోయాక, రెండు మూడు నెలలకోసారి ఆదివారం పూట పోయి చూసి వచ్చేదాన్ని. చిన్న కూతురి ఇంట్లో, ముందర చెనిగచెట్లు ఎండబెట్టిన కళ్ళంలో మంచం వేసుకుని కూర్చుని ఉండేది. ఒకసారి పోయినప్పుడు ఆ ఏడు మాకు వానలు తప్పిపోయాయి. రాగి పైరు జానెడు లేచి ఆగిపోయింది. నేను ఆ పిల్లల కబుర్లన్నీ చెప్పాను. ఎవరికి ఉద్యోగం వచ్చింది, ఎవరికి పెండ్లయింది అని. అంతా విని, "వాళ్ళ ఊర్లో వానలు పడినాయంటనా?" అని అడిగింది.

నాకు తెలియదు. అన్నేళ్ళుగా ఎన్నో అడిగాను, అది మాత్రం ఎవరినీ అడగలేదు.

"అడిగి చెప్పు. ఆడ కూడా చేను మీద బతికేవాళ్ళే కదా" అంది.

సోమవారం ఆఫీసుకు పోగానే ఆ మొదటి అమ్మాయికి ఈమెయిలు పంపాను. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. వానలు బాగా పడ్డాయనీ, మొక్కజొన్న నిలువెత్తు పెరిగిందనీ, ఉగాలి అమ్మకు చెప్పమనీ. బేరిగైలో అక్క ఇంటి పక్క అంగడికి ఫోను చేసి, ఆమెను పిలిపించి చెప్పాను.

"అయితే మంచిది" అంది అక్క. "ఈడ పడకున్నా ఆడ పడినాయి కదా."